"ఇతే, మిస్సా ఎస్త్": 'మీరు పంపబడ్డారు' అనేనా?

కతోలికుల దివ్యబలిపూజ చివర లాటిన్‌లో పలికే "ఇతే, మిస్సా ఎస్త్" గురించి ఒక సందేశం బాగా తిరుగుతోంది. దాని సారాంశం: ఆ మాటకు అసలు అర్థం 'వెళ్ళండి, మీరు పంపబడ్డారు'; పూజకు మిస్సా అన్న పేరు మొదటినుంచీ ప్రేషిత కార్యం, అంటే సువార్త పనికి పంపబడటం, అన్న అర్థంతోనే వచ్చింది; ప్రతి పూజా ఈ మాటతోనే ముగిసి తీరాలి. ఉద్దేశం మంచిదే, ఆధారమే నిలవదు.

"మీరు పంపబడ్డారు"

వ్యాకరణం ఒప్పుకోదు. 'ఇతే' అంటే వెళ్ళండి, బహువచనం. 'ఎస్త్' మాత్రం ఏకవచనం, ప్రథమ పురుష. ఎదుట నిలబడ్డ విశ్వాసులతో 'మీరు పంపబడ్డారు' అనాలంటే 'మిస్సీ ఎస్తిస్' అనాలి. పోనీ మిస్సా స్త్రీలింగం కాబట్టి 'ఆమె పంపబడింది' అని చదివితే, ఆ పంపబడింది ఎవరో బయటినుంచి తెచ్చుకోవాలి. వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో 'బలి దేవుని సన్నిధికి పంపబడింది' అని వివరించారు. ధ్యానానికి ఎంతో అందమైన భావం. కానీ 'బలి' అన్న మాట ఆ వాక్యంలో లేదు.

ఇక్కడ మిస్సా నామవాచకం. చివరి కాలపు లాటిన్‌లో 'మిస్సియో' బదులు 'మిస్సా' అన్నారు, 'కొల్లెక్తియో' బదులు 'కొల్లెక్తా' అన్నట్టే. అర్థం సెలవివ్వడం. "వెళ్ళండి, ఇక సెలవు." సుమారు క్రీ.శ. 500లో నేటి ఫ్రాన్స్‌లోని వియెన్ పీఠాధిపతి అవితుస్ బుర్గుండి రాజు గుండోబాద్‌కు రాసిన లేఖలో ఇది స్పష్టంగా ఉంది: గుడుల్లోనే కాదు, రాజభవనాల్లో, న్యాయస్థానాల్లో కూడా జనాన్ని పంపేసేటప్పుడు 'మిస్సా ఎస్త్' అని ప్రకటించేవారు. న్యాయస్థానంలో ఎవరినీ సువార్తకు పంపరు కదా!

"పేరు ఆ అర్థంతోనే వచ్చింది"

క్రమం తలకిందులైంది. సెలవిచ్చే మాటే మెల్లగా మొత్తం పూజకు పేరయింది. ప్రేషిత భావం ఆ తర్వాత చేరింది. 16వ బెనెడిక్ట్ పోపు 2007లో 'సాక్రమెంతుమ్ కారితాతిస్' అనే ప్రబోధ పత్రం 51వ పేరాలో చెప్పింది ఇదే: ప్రాచీన కాలంలో ఆ మాటకు సెలవివ్వడమనే అర్థం, క్రైస్తవ వాడుకలో లోతు పెరిగింది. 2008లో ఆయన ఆమోదించిన అదనపు సెలవు వాక్యాల్లో ఒకటి 'వెళ్ళి ప్రభువు సువార్తను ప్రకటించండి' అని సూటిగానే అంటుంది. ప్రేషిత కార్యం గురించి బోధించేవారికి ఈ రెండూ చాలు, లాటిన్‌ను వంచక్కర్లేదు.

"ప్రతి పూజా ఈ మాటతోనే"

ఎప్పుడూ అలా లేదు. 1960 నాటి పూజా నిబంధనలకు ముందు, మహిమ గీతం (గ్లోరియా) లేని రోజుల్లో 'బెనెదికామూస్ దోమినో' (ప్రభువును స్తుతిద్దాం) అనేవారు; మృతుల పూజలో 'రెక్వియెస్కాంత్ ఇన్ పాచే' (వారు శాంతితో విశ్రమించుదురు గాక). ఇప్పుడు కూడా పూజ వెంటనే మరో ఆరాధన క్రియ ఉంటే, ఉదాహరణకు భూస్థాపన పూజ తర్వాత చివరి వీడ్కోలు, ముగింపు క్రియలు వదిలేస్తారు. పవిత్ర గురువారం సాయంత్రం సెలవు మాటే ఉండదు. మర్నాడు శుభ శుక్రవారం ఆరాధన తర్వాత అందరూ మౌనంగా వెళ్ళిపోతారు. మళ్ళీ ఆ మాట వినిపించేది పాస్క (ఈస్టర్) జాగరణలో, రెండు అల్లెలూయాలతో కలిపి.