బొమ్మ పేరు పరీక్షలో రాదు

ఢిల్లీ వెళ్లినవాళ్లు ఎర్రకోట చూస్తారు, కరోల్‌బాగ్‌లో బేరమాడతారు, రైలెక్కేస్తారు. నేను మాత్రం బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియంకి వెళ్లి జ్ఞానోదయం పొందాను. బొమ్మలు ఆడుకోవడానికని ఇన్నేళ్లూ పొరబడ్డాను. కాదట. అవి జనరల్ నాలెడ్జ్ కోసమట.

ఈ జ్ఞానం ప్రసాదించింది మన తెలుగాయనే. పేరు తెలీదు. భుజానికి బ్యాగు, చేతిలో ఏడెనిమిదేళ్ల కూతురి మణికట్టు. చెయ్యి కాదు, మణికట్టు. పారిపోయే నేరస్థుల్ని పట్టుకునే చోట పట్టుకున్నాడు.

హంగరీ బొమ్మల దగ్గర ఆగారు. ఈ మ్యూజియం మొత్తానికీ మూలం ఆ దేశమే. 1950లలో పిల్లల పోటీకి బహుమతిగా హంగరీ రాయబారి ఒక బొమ్మ ఇస్తే, కార్టూనిస్టు శంకర్ పిళ్ళై దాన్ని చూసి మురిసిపోయి, ఇక దేశదేశాల బొమ్మలు పోగెయ్యడం మొదలెట్టారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడు 85 దేశాలవి ఆరు వేలకు పైనే ఉన్నాయి. నెహ్రూనే వదలకుండా గీసిన మనిషి, ఒక బొమ్మకి లొంగిపోయాడు. ఆ ముచ్చట పిల్లకి చెబుతాడేమో అనుకున్నాను.

"అమ్మలూ, హంగరీ క్యాపిటల్?"

"బుడాపెస్ట్ నాన్నా."

"కరెన్సీ?"

"ఫోరింట్."

"వెరీ గుడ్. పద."

పిల్ల కదల్లేదు. అద్దానికి ముక్కు ఆనించింది. "నాన్నా, ఈ అమ్మాయి పేరేంటి?"

"పేరు పరీక్షలో రాదమ్మా."

స్పెయిన్ దగ్గర ఫ్లమెంకో నర్తకి కుచ్చుల గౌను విప్పార్చి నిలబడింది. పిల్ల తన గౌను అంచులు పట్టుకుని సగం తిరిగింది. సగమే. మిగతా సగంలోపు కరెన్సీ వచ్చిపడింది. "పెసెటా" అంది. పాపం, పాత పుస్తకం చదివినట్టుంది. "యూరో! ఎన్నిసార్లు చెప్పాను? నెగెటివ్ మార్కింగ్ ఉంటుంది!" అరిచాడాయన. జపాన్ సమురాయ్ కత్తి పట్టుకుని ఉన్నా ఏం చెయ్యలేకపోయాడు.

నేనూ వెనకే తిరిగాను. మర్యాద కాదని తెలుసు, కానీ కాళ్లు ఆగలేదు. ఒక్కో దేశానికి నిమిషం కూడా పట్టలేదాయనకి. 85 దేశాల్నీ గంటలో జయించాడు. అలెగ్జాండరు ఇది చూసుంటే సిగ్గుతో గుర్రం దిగేవాడు.

అయినా ఆయన్ని అనడానికి నాకేం అర్హత ఉంది? మా ఇంట్లోనూ ఒక మ్యూజియం ఉండేది. హాల్లో టీవీ పక్కన అద్దాల షోకేసు, దానికి తాళం, తాళంచెవి అమ్మ కొంగున. లోపల తాజ్‌మహల్, కొండపల్లి దశావతారాలు. అవతారాలు తొమ్మిదే, ఎందుకంటే మత్స్యావతారాన్ని చుట్టాలబ్బాయి ఒకడు జేబులో వేసుకుపోయాడు. పక్కనే అమెరికా నుంచి మేనత్త తెచ్చిన బార్బీ, పెట్టెతో సహా. "తీస్తే మాసిపోతుంది" అనేది అమ్మ. అది అక్క కోసం తెచ్చిన బొమ్మ. అక్కకి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. బార్బీ మాత్రం ఇంకా పెట్టె దిగలేదు. సంక్రాంతి బొమ్మల కొలువుకి కూడా పెట్టెతోనే వచ్చి, పెట్టెతోనే వెళ్లిపోయేది.

మ్యూజియంలో అద్దం ఉండాలి, ఒప్పుకుంటాను. అన్ని దేశాల నుంచి వచ్చినవి మరి. ఇంట్లో ఎందుకయ్యా అద్దం? తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపిన ముద్దతో ఏనుక్కి చెవులతికించిన కొండపల్లి ఆయన, మీ షోకేసులో దుమ్ము పట్టించడానికా అంత కష్టపడ్డాడు? విరిచేస్తారట! విరవనీ! కాలు ఊడిన బొమ్మకి కట్టు కట్టని పిల్లకి బాల్యమేంటి? ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అంటారు, ఆటల పీరియడ్ లెక్కల సారుకి రాసిచ్చేస్తారు, ఇక మిగిలిన ఒక్క సెలవురోజు బొమ్మ ముందు నిలబెట్టి కరెన్సీ అడుగుతారా? సిగ్గులేదూ మనకి?

సరే, బీపీ పెరుగుతోంది.

బయట మెట్ల మీద ఆయన ఫోనులో క్యాబ్ వెతుక్కుంటున్నాడు. మణికట్టు కాసేపు ఖాళీ అయింది. పిల్ల జేబురుమాలు తీసింది. వాటర్ బాటిల్ చుట్టూ కుచ్చిళ్లు పెట్టి చుట్టింది, జుట్టుకున్న రబ్బర్ బ్యాండ్ ఊడదీసి నడుముకి బిగించింది. మూత మీద వేలితో రెండు కళ్లు పెట్టి, చెవిలో ఏదో చెప్పింది.

"ఏదీ, నీళ్లివ్వు" అన్నాడు నాన్న.

రబ్బర్ బ్యాండు తెంపాడు. రుమాలుతో చెమట తుడుచుకున్నాడు. మూత తిప్పి సగం బాటిల్ తాగేశాడు.