ఆ తేదీ ఎవరు పెట్టాలి?

2022 అక్టోబరు ఆఖరి రోజు. కిట్ కానర్ అనే 18 ఏళ్ల బ్రిటిష్ నటుడు, అప్పటికే విసిగిపోయి వదిలేసిన ట్విటర్‌లోకి ఒక్క నిమిషం కోసం తిరిగొచ్చాడు. నేను బైసెక్సువల్‌ని అన్నాడు. 18 ఏళ్ల కుర్రాడితో బలవంతంగా ఈ మాట చెప్పించినందుకు మీకు అభినందనలు అన్నాడు. మీలో కొంతమందికి మా సిరీస్ ఏం చెప్పిందో అర్థమైనట్టు లేదని ఒక ముక్క అనేసి, బై చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సిరీస్ పేరు హార్ట్‌స్టాపర్, ఇద్దరు మగపిల్లల ప్రేమకథ. ఇలాంటి విషయం ఎవరితో ఎప్పుడు చెప్పాలన్నది చెప్పుకునే మనిషి ఇష్టం, తొందరేం లేదు అన్నదే అందులో మొదట్నుంచీ నడిచే మాట. దాన్ని నెత్తిన పెట్టుకున్న ఫ్యాన్సే, ఇతను ఒక నటి చెయ్యి పట్టుకుని నడుస్తున్న ఫొటో బయటికి రాగానే, అసలు నువ్వు ఎవరివో తేల్చు, మాలో ఒకడివి కాకపోతే మా కథ అడ్డం పెట్టుకుని డబ్బు చేసుకుంటున్నావా అని వెంటపడ్డారు. వీళ్లెవరూ గే అన్న మాట వింటే మొహం చిట్లించే రకం కాదు. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లే. నన్ను ఈ విషయం మీద రాయించింది కూడా అదే, ఎందుకంటే వేధించేవాళ్లు శత్రువులైతే ఏం చెయ్యాలో మనకి తెలుసు, అభిమానులైతేనే తెలీదు.

సెలబ్రిటీలు తమ లైంగికత గురించి పబ్లిగ్గా చెప్పాలా? చెప్తే మంచిదే, చాలామందికి మేలు కూడా. అడిగే హక్కు మాత్రం మనకి లేదు. నా జవాబు ఇంతే, కానీ ఇలా రెండు ముక్కల్లో పెడితే చేతులు దులుపుకున్నట్టుంటుంది. అసలు గొడవంతా "చెప్పాలా వద్దా" దగ్గర లేదు, తేదీ దగ్గరుంది. ఇప్పటిదాకా బయటికొచ్చిన పెద్ద పెద్ద పేర్లు తీసుకుని, ఆ రోజుని ఎంచుకున్నది ఎవరో ఒక్కసారి చూడండి.

టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్. 1981లో ఆమె మాజీ ప్రేయసి భరణం కోసం కోర్టుకెక్కడంతో లోకానికి తెలిసింది. లాయరూ, పబ్లిసిస్టూ వద్దన్నా ప్రెస్ మీట్ పెట్టి, అవును నిజమే అని ఒప్పుకుంది. 24 గంటల్లో ఎండార్స్‌మెంట్లన్నీ పోయాయి. అదే ఏడాది మార్టినా నవ్రతిలోవా, అమెరికా పౌరసత్వం వచ్చేదాకా ఆపండి అని ఒక పత్రికని బతిమాలుకుంది. ఆపారు పాపం, పౌరసత్వం వచ్చిన కొద్ది రోజులకే అచ్చేశారు. హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్ విషయంలో తేదీ పెట్టింది జబ్బు: 1985 జూలైలో ఎయిడ్స్ అని ప్రకటన, అక్టోబరు 2న మరణం. 1998లో బ్రిటిష్ పాటగాడు జార్జ్ మైకేల్‌కి పెట్టింది పోలీసులు, ఒక పార్కులో అరెస్టయ్యాక టీవీకొచ్చి చెప్పుకున్నాడు. 2019లో మన స్ప్రింటర్ ద్యుతీ చంద్ తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పి, ఇప్పుడే ఎందుకు చెప్పాల్సొచ్చిందంటే సొంత అక్క బ్లాక్‌మెయిల్ చేస్తోంది కాబట్టి అంది.

కోర్టు, పత్రిక, జబ్బు, పోలీసు, అక్క. వీళ్లందర్నీ మనం "ధైర్యంగా ముందుకొచ్చిన సెలబ్రిటీలు" అనే ఒకే గంపలో వేసేస్తాం. ధైర్యం లేదని కాదు, నిజానికి తరిమితే వచ్చి నిలబడటానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి, కానీ తరిమినవాళ్ల పేరు ఆ కథలోంచి మాయమైపోతుంది.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. 2022 జూన్‌లో ఆస్ట్రేలియా నటి రెబెల్ విల్సన్ ఒక అమ్మాయితో ఉన్న ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, ఇన్నాళ్లూ రాకుమారుడి కోసం వెతికాను, నాకు కావాల్సింది రాకుమారేనేమో అని సరదాగా రాసింది. అందరూ గుండె బొమ్మలు గుప్పించారు. మర్నాడే తెలిసింది, అక్కడి సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రిక అంతకుముందే ఆమె మనుషులకి మెయిల్ పెట్టింది, ఈ సంబంధం గురించి రాయబోతున్నాం, ఫలానా టైములోగా స్పందించండి అని. ఆ పత్రిక కాలమిస్టు, మేం గడువిస్తే ఆమె మమ్మల్ని దాటేసి తనే ముందు పోస్టు పెట్టేసింది అని తన కాలమ్‌లో రుసరుసలాడాడు కూడా! ఆమె జీవితం, ఆమె ప్రేమ, ఎక్స్‌క్లూజివ్ మాత్రం వాళ్లదట. జనం తిట్టిపోశాక కాలమ్ తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ ఫొటోలో నవ్వుతున్న రెండో అమ్మాయి సంగతి ఎవరైనా ఆలోచించారా? సెలబ్రిటీ బయటపడినప్పుడల్లా ఇంకో మనిషి కూడా బయటపడుతుంది, ఆ మనిషికి సెలబ్రిటీకున్న డబ్బూ పేరూ ఉండకపోవచ్చు, ఇంట్లో చెప్పుకునే టైమ్ కూడా దొరక్కపోవచ్చు.

ఇప్పుడు, సెలబ్రిటీలు చెప్పి తీరాలి అనే రెండో పక్షం మాట. అది బలహీనమైన వాదనేం కాదు, దాన్ని దాటేసి వెళ్తే నేను మోసం చేసినట్టే.

కళ్ల ముందు కనిపిస్తే భయం తగ్గుతుంది అంటారు వాళ్లు. నిజమే. 1997 ఏప్రిల్‌లో అమెరికన్ కమెడియన్ ఎలెన్ డిజెనరస్ టైమ్ పత్రిక కవర్ మీద తను గే అని చెప్పింది, అదే నెలాఖర్లో తన సీరియల్లో తను వేసే పాత్రతోనూ చెప్పించింది, దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది చూశారు. గాలప్ సర్వేలో స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఉండాలన్న అమెరికన్లు 1996లో 27 శాతం, 2023లో 71 శాతం. ఇంత మార్పు ఒక్క టీవీ వల్ల వచ్చిందని ఎవరూ అనరు, కోర్టులున్నాయి, ఉద్యమాలున్నాయి, ఇంట్లో అన్నకీ అమ్మకీ చెప్పుకున్న లక్షలమంది మామూలు మనుషులున్నారు. కానీ రోజూ సాయంత్రం నవ్వించే మనిషి మీద ద్వేషం పెంచుకోవడం కష్టం, అది ఎంతో కొంత పనిచేస్తుంది. 2014లో ఆపిల్ బాస్ టిమ్ కుక్ తను గే అని రాసినప్పుడు సరిగ్గా ఈ లెక్కే వేశాడు: నాకు నా ప్రైవసీ ఇష్టం, కానీ ఒంటరిగా నలిగిపోతున్న ఎవరికైనా దీనివల్ల ఊరట దొరికితే ఆ ప్రైవసీ వదులుకోవచ్చు అని. ఆ లెక్క వేసింది ఆయన. వదులుకున్నదీ ఆయనదే. అప్పటికి ఆయన ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీల్లో ఒకదాన్ని నడుపుతున్నాడు, తెల్లారి ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేదు.

టిమ్ కుక్‌కి కుదిరిందని అందరికీ కుదరదు. ఎలెన్ సీరియల్‌ని మర్నాటి ఏడాదే ఎత్తేశారు, చాలాకాలం పని లేదు, 2003లో టాక్ షోతో గానీ మళ్లీ కోలుకోలేదు. బ్రిటిష్ నటుడు ఇయాన్ మెకెలెన్ 1988లో, 48 ఏళ్లప్పుడు, బీబీసీ రేడియోలో చెప్పాడు, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాల్లో గాండాల్ఫ్ లాంటి పాత్రలు 60 దాటాక వచ్చాయి, ముందే చెప్పి ఉండాల్సింది అని ఇప్పటికీ అంటాడు. అదే దేశంలో నటుడు రూపర్ట్ ఎవరెట్ 2009లో, బయటికి చెప్పమని ఏ నటుడికీ నేను సలహా ఇవ్వను, నా కెరీర్ ఏమైందో చూశారుగా అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఫుట్‌బాల్ సంగతి ఇంకా ఘోరం. జస్టిన్ ఫషానుని 1981లోనే పది లక్షల పౌండ్లు పెట్టి కొన్నారు, నల్లజాతి ఆటగాళ్లలో అంత ధర పలికిన మొదటివాడు. 1990లో గే అని చెప్పాడు. స్టాండ్స్‌లోంచి తిట్లు సరే, సొంత తమ్ముడే నాకు వాడితో సంబంధం లేదన్నాడు. 1998లో, 37 ఏళ్లకి, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో ఇంకా ఆడుతున్న మగ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఒకడు నేను గే అని చెప్పడానికి 2022 మే దాకా ఆగాల్సొచ్చింది. జేక్ డేనియల్స్, 17 ఏళ్ల పిల్లాడు. మధ్యలో 32 ఏళ్లు. అన్నేళ్లలో వేలమంది ఆడారు, వాళ్లలో ఒక్కరూ లేరంటే ఎవరు నమ్ముతారు? వాళ్లందర్నీ పిరికివాళ్లు అనడం తేలిక. ఫషానుకి ఏమైందో చూసి లెక్క వేసుకున్నారు అనడమే న్యాయం. పైగా ఆటగాడు ఒక దేశంలో కూర్చోడు, స్వలింగ సంబంధం నేరమైన దేశాలు ఇప్పటికీ 60కి పైనే ఉన్నాయి, మ్యాచులు అక్కడా పడతాయి. 2022 ప్రపంచకప్‌లో మద్దతుగా చేతికి రంగుల పట్టీ కట్టుకుంటామన్న యూరప్ కెప్టెన్లు, ఫిఫా ఎల్లో కార్డు అనగానే మానేశారు. పట్టీకే ఇంత లెక్క ఉంటే మనిషికి ఎంతుండాలి?

కళ్ల ముందు కనిపించి తీరాలన్న వాదన ఎక్కడ దారి తప్పుతుందో చూడాలంటే ఆలివర్ సిపుల్ కథ తెలియాలి. ఇతను సినిమా వాడు కాదు, ఆటగాడు కాదు, మాజీ సైనికుడు, ఒక మధ్యాహ్నంలో సెలబ్రిటీ అయిపోయాడు. 1975 సెప్టెంబరు 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకామె అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ మీదకి తుపాకీ ఎత్తితే, పక్కనున్న సిపుల్ ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఫోర్డ్ బతికిపోయాడు. సిపుల్ గే, ఊళ్లో స్నేహితులకి తెలుసు, దూరాన ఉన్న అమ్మానాన్నలకి తెలీదు. దయచేసి ఆ సంగతి రాయకండి అని విలేకరుల్ని అడిగాడు. రాశారు. అతని గురించి కాలమిస్టుకి ఉప్పందించింది హార్వీ మిల్క్ అంటారు, గేల హక్కుల కోసం ప్రాణం పెట్టిన మిల్కే. మనవాళ్లలో ఒక హీరో ఉన్నాడని లోకానికి తెలియాలి అన్నది ఆయన ఆరాటం. ఆరాటం మంచిదే. తల్లి మాత్రం కొడుకుతో మాట మానేసింది. ఆమె చనిపోయినప్పుడు తండ్రి అంత్యక్రియలకి రావద్దన్నాడు. పత్రికల మీద కేసు వేస్తే, ఊళ్లో అంతమందికి తెలిసిన విషయం రహస్యమెలా అవుతుంది అని 1984లో కోర్టు తేల్చేసింది. పదిమందికి తెలిస్తే పది కోట్లమందికి తెలియొచ్చు అన్నమాట. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మన విషయాలు ఎవరితో పంచుకోవాలో మనమందరం మనిషిని బట్టి నిర్ణయించుకుంటాం, డాక్టర్‌కి చెప్పింది పక్కింట్లో చెప్పం, ఫ్రెండ్‌కి చెప్పింది నాన్నకి చెప్పం, దాన్ని దాచిపెట్టడం అనరు.

ఉద్యమానికి మేలు జరగాలి, ఖర్చు మాత్రం సిపుల్ భరించాలి. సెలబ్రిటీలు చెప్పి తీరాలి అనేవాళ్ల లెక్క ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

"అసలు పడగ్గది సంగతులు మాకెందుకండీ, ఎవరూ చెప్పక్కర్లేదు" అని ఇంకో రకం వాళ్లుంటారు. వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. హీరో పెళ్లి ఫొటోలు, హీరోయిన్ హనీమూన్ ఫొటోలు, "మా ఆవిడ వంట" గురించి ఇంటర్వ్యూలు, ఇవన్నీ లైంగికత చెప్పుకోవడం కాదా? అవి రోజూ లైకులు కొట్టి చూస్తాం, పడగ్గది గుర్తు రాదు. ఒక మగ నటుడు "మా ఆయన" అనగానే గుర్తొస్తుంది. కాబట్టి నోరు మూసుకోమనే హక్కు కూడా మనకి లేదు. చెప్పమని నిలదీసేవాడూ, చెప్పొద్దని కసిరేవాడూ ఇద్దరూ ఆ మనిషి నోటి తాళం తమ దగ్గరుండాలంటారు.

మరి అబద్ధం? 1959లో పియానో కళాకారుడు లిబరాచీ, తనని గే అన్నట్టు సూచించిన డైలీ మిర్రర్ మీద లండన్‌లో కేసు వేసి, కాదని ప్రమాణం చేసి, 8,000 పౌండ్లు గెలిచాడు. చెప్పింది అబద్ధం. అయితే ఇంగ్లండ్‌లో అప్పటికి అది జైలుకి పంపే నేరం, 1967 దాకా మారలేదు. నిజం చెబితే జైలు అన్న చోట అబద్ధం చెప్పినవాడిని నేను తప్పుబట్టలేను. ఒక్క చోట మాత్రం నా మొహమాటం పోతుంది: చట్టసభలో కూర్చుని గేలకి వ్యతిరేకంగా ఓటేసి, రాత్రికి అదే జీవితం గడిపే నాయకుడు. ప్రైవసీకి హక్కుంది గానీ కపటానికి లేదు అని అమెరికా కాంగ్రెస్ సభ్యుడు బార్నీ ఫ్రాంక్ గీసిన గీత అది, ఆయన 1987లో తనంతట తనే బయటికొచ్చినవాడు. నాకూ ఆ గీత సమ్మతమే. అయితే అది అధికారంతో ఇతరుల్ని నలిపేవాళ్ల కోసం గీసింది. ఊరికే మౌనంగా ఉన్న పాటగాడి మీదకి దాన్ని లాక్కురావడం కుదరదు.

నేనేం శుద్ధపూసని కాదు. ఒక నటుడి గురించి "అతను అదేనట కదా" అని గ్రూపులో ఎవరో పెడితే, నేనూ ఒక నవ్వు ఎమోజీ కొట్టిన రోజు ఉంది. తర్వాతెప్పుడో తట్టింది, ఆ గ్రూపులో నలభై మందిమి ఉన్నాం, వాళ్లలో ఇంట్లో చెప్పుకోలేని మనిషి ఒకరుంటే, ఆ నవ్వులన్నీ లెక్కపెట్టుకునే ఉంటారు. నటుడికి అది చేరనే లేదు. చేరాల్సినవాళ్లకి చేరింది.

2000 సంవత్సరంలో బార్బరా వాల్టర్స్ అనే పేరున్న అమెరికన్ టీవీ జర్నలిస్టు, పాప్ గాయకుడు రికీ మార్టిన్‌ని ఇంటర్వ్యూ చేస్తూ అందరి ముందూ అడిగింది, ఈ పుకార్లన్నీ ఆగాలంటే అవునో కాదో నువ్వే చెప్పేయొచ్చుగా అని. అతను ఇబ్బందిగా నవ్వి, ఎందుకో నాకు చెప్పాలనిపించడం లేదు అన్నాడు. 2010 మార్చిలో, ఎవరూ అడగని రోజున, తన సొంత వెబ్‌సైట్‌లో తనే రాసుకున్నాడు. ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది అని వాల్టర్స్ కూడా అదే ఏడాది ఒప్పుకుంది.