కీ ఇచ్చే గడియారానికి బ్యాటరీ సలహా

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో కీ ఇచ్చి నడిపే పాత హెచ్.ఎం.టి. జనతా చేతి గడియారాన్ని మరమ్మతుకు చూపిస్తే, లోపలి యంత్రం తీసేసి బ్యాటరీ మిషన్ బిగిస్తానని చెప్పేవారే ఎక్కువగా ఎదురవుతున్నారు. ఇరుసులు అరిగిపోకుండా పొదిగిన 17 చిన్న రాళ్ల (జ్యువెల్స్) మీద తిరుగుతూ గంటకు 18,000 సార్లు కొట్టుకునే ఆ యంత్రం ఆగిపోయిందంటే, చాలాసార్లు అందుకు కారణం లోపలి నూనె ఎండి జిగురుగా మారడమే. భాగాలన్నీ విడదీసి, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, రాళ్ల దగ్గర సూదిమొనంత నూనె పెట్టగలిగే ఓపిక ఉంటే అది మళ్లీ నడుస్తుంది. ఆ ఓపిక లేనివారు మూత తీసి నూనె చిలకరిస్తారు, అది గడియారం వేగాన్ని అదుపు చేసే సన్నని చుట్టల తీగకు, అంటే హెయిర్‌స్ప్రింగుకు, అంటుకుని చుట్లు ఒకదానికొకటి అతుక్కోగానే గడియారం గంటకు కొన్ని నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంది, పైగా 'పాతది కదా సార్, అంతే' అన్న తీర్పు ఒకటి!

డయల్‌కు కొత్త రంగు పూసి, అక్షరాలు వంకరగా అచ్చేసి, 'కొత్తదానిలా చేశాం' అని మురిసిపోయేవారి సంగతి మరీ ఘోరం. హెచ్.ఎం.టి. గడియారాల విభాగాన్ని మూసివేయడానికి కేంద్రం 2016లోనే ఆమోదించింది, కొత్త విడిభాగాల ఆశ లేదు కనుక, వీరు చెత్తబుట్టలో పడేసే ఒక్కొక్క బ్యాలెన్స్ చక్రం (ఆ తీగతో కలిసి అటూ ఇటూ ఊగే చక్రం) కోసం పాత యంత్రాలనే బాగుచేసే మాలాంటివారు మరో పాత గడియారాన్ని కొని విప్పుకోవలసి వస్తోంది.