జోషీమఠ్‌లో గోడల కంటే ముందు కాలువలు కట్టాలి

బదరీనాథ్ వెళ్లే తెలుగు యాత్రికులకు ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ బాగా తెలిసిన ఊరు. నృసింహస్వామి దర్శనం చేసుకుని, విష్ణుప్రయాగకు దిగి ముందుకు సాగుతారు. శీతాకాలంలో శంకరాచార్య గద్దీ (ఆసనం) ఈ నృసింహ ఆలయానికే చేరుతుంది. ఆదిశంకరుల నాలుగు పీఠాల్లో ఉత్తరాదిదైన జ్యోతిర్మఠం ఉన్నదీ ఇక్కడే. 2011 లెక్కల ప్రకారం జనాభా 16,709. ఇంత చిన్న ఊరిపైనే యాత్ర, సరిహద్దు సైన్యం, పైనున్న ఔలీ మంచు వాలుల పర్యాటకం, జలవిద్యుత్తు, అన్నింటి బరువూ పడింది.

ఆ బరువును మోయాల్సిన నేల గట్టి రాయి కాదు, అందుకే ఊరు కుంగుతోంది. ఎప్పుడో విరిగిపడిన కొండచరియల శిథిలాల మీద, ఇసుక, మట్టి, బండరాళ్లు కలగలిసిన వాలు మీద ఊరు వెలిసింది. పైన ఔలీ, కింద అలకనంద. 1976లో గఢ్వాల్ కమిషనర్ మహేశ్ చంద్ర మిశ్రా నేతృత్వంలోని కమిటీ ఈ సంగతి సూటిగానే చెప్పింది. భారీ కట్టడాలు వద్దు, వాలులోని బండలను తవ్వి గానీ పేల్చి గానీ తీయొద్దు, చెట్లు నరకొద్దు, వాననీరు నేలలోకి దిగకుండా పక్కా కాలువలు కట్టండి అంది. నా దృష్టిలో వీటిలో కీలకమైనది చివరిదే. ఎక్కువ నిర్లక్ష్యానికి గురైందీ అదే.

ఇలాంటి నేలలో నీరు రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. రేణువుల మధ్య ఒత్తిడి పెంచి వాటి పట్టు సడలిస్తుంది. సన్నని ఇసుకను, మట్టిని లాక్కుపోయి లోపల ఖాళీలు చేస్తుంది. అప్పుడు పైనున్న బండ ఒరుగుతుంది, దాని మీది ఇల్లూ ఒరుగుతుంది. వాననీరు, మంచు కరిగిన నీరు ఎటూ తప్పవు. వాటికి ఇళ్ల, హోటళ్ల వాడకపు నీరు తోడైంది. ఊరంతటికీ మురుగు గొట్టాలు లేవు, చాలాచోట్ల గుంతలే గతి. మన మైదానాల్లో ఇంకుడుగుంత మేలు చేస్తుంది. ఆ వాలు మీద మాత్రం ఇంకిన ప్రతి బిందెడు నీరూ పునాదుల కిందికే పోతుంది.

సొరంగం మాటా చెప్పాలి. 2009 డిసెంబరు 24న 520 మెగావాట్ల తపోవన్–విష్ణుగాడ్ ప్రాజెక్టు తవ్వకంలో యంత్రం భూగర్భ జలపొరను ఛేదించింది. సెకనుకు 700–800 లీటర్ల నీరు బయటికొచ్చింది. ఊరి కుంగుబాటుకు సొరంగం కారణం కాదన్నది ఆ ప్రాజెక్టు కడుతున్న విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ వాదన. ఆ వాదన నిలిచినా, నేల కింద నీటి దారులు ఎంత సున్నితమో ఆ ఘటనే చూపింది.

2023 జనవరిలో ఇళ్లు బీటలు వారాయి. జేపీ కాలనీలో నేలలోంచి బురదనీరు ఎగదన్నింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాలను బట్టి 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్ల కుంగుబాటు తేల్చింది. కొద్దిరోజులకే ఆ నివేదికను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. ఇది తప్పు. బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీని సిమెంటుతో అతికించి, అది పగిలిందో లేదో చూసుకునే ఇంటివాళ్లకే ఆ అంకెల అవసరం ఎక్కువ.

ఉత్తరాఖండ్‌లోనే మరో కొండ ఊరు నైనీతాల్ చరిత్ర వేరేగా నడిచింది. 1880 సెప్టెంబరు 18న అక్కడ కొండచరియ పడి 151 మంది చనిపోయారు. ఆ తర్వాత వాలు పొడవునా కాలువల వ్యవస్థను విస్తరించారు. ఆ ఊరు నేటికీ వాటి మీదే ఆధారపడి ఉంది.

జోషీమఠ్ పునర్నిర్మాణానికి 2023 నవంబరులో రూ.1,658.17 కోట్ల ప్రణాళికకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ డబ్బు ఏ వరసలో ఖర్చవుతుందన్నదే అసలు ప్రశ్న. మొదట ఔలీ వాలు నుంచి నది దాకా అడుగు, పక్కలు పూత వేసిన కాలువలు రావాలి. వాటితో పాటే ప్రతి ఇంటి మురుగునూ గొట్టాలకు కలపాలి. తర్వాత అలకనంద కోస్తున్న వాలు అడుగును కాపాడాలి. అడ్డుగోడలు ఆ తర్వాతే. గోడ ముందు కట్టి కాలువ వాయిదా వేస్తే నీరు గోడ వెనకే నిలుస్తుంది. గోడలో నీరు కారేందుకు పెట్టిన రంధ్రాలు మట్టితో పూడుకుపోతే, ఏ వాలును ఆపడానికి కట్టారో ఆ వాలే గోడను తోసేస్తుంది.