దుప్పటి అమ్ముకుంటాడు సరే, పగలంతా దాన్ని ఎక్కడ దాచాలి?

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. చలి మొదలైందంటే చాలు, ఎక్కడినుంచో లేచొస్తుంది. ఈసారి నాకు ఒకే రోజు మూడు గ్రూపుల్లో వచ్చింది: అపార్ట్‌మెంట్ వాళ్లది, చుట్టాలది, పదో తరగతి ఫ్రెండ్స్‌ది. పైన దండం పెట్టే చేతులు, కింద ‘కనీసం పది మందికి పంపండి’. మధ్యలో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘హైదరాబాద్‌లో ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకి గానీ, వాళ్ల పేరు చెప్పి విరాళాలు అడిగే సంస్థలకి గానీ ఒక్క రూపాయి ఇవ్వకండి. వాళ్లంతా బెగ్గింగ్ మాఫియా, మీ జీతం కంటే ఎక్కువ సంపాదిస్తారు. ప్రభుత్వం షెల్టర్లు పెడితే ఖాళీగా ఉంటున్నాయి. దుప్పటి ఇస్తే పొద్దున్నే అమ్ముకుని తాగుతారు. అన్నం పెడితే సోమరిపోతులవుతారు. సంస్థలన్నీ దొంగలే. అసలు వాళ్లు మన ఊరివాళ్లే కాదు.’

నాలుగేళ్లుగా శనివారం రాత్రిళ్లు ఒక చిన్న గుంపుతో కలిసి సికింద్రాబాద్ చుట్టుపక్కల తిరుగుతుంటాను. బోర్డు లేదు, ఆఫీసు లేదు, రెండు స్కూటీలు, ఒక పాత ఓమ్నీ వ్యాను. ఆ తిరుగుడులో చూసింది, చదివి తెలుసుకున్నది కలిపి చెబుతున్నా. ముందే ఒప్పుకుంటా, ఈ మెసేజ్‌లో రెండు మూడు మాటలు సగం నిజాలే, అందుకే జనం నమ్మి పంపుతున్నారు.

మొదట మాఫియా సంగతి. సిగ్నల్ దగ్గర కారు అద్దం కొట్టేవాళ్లు, ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లు ఒకటే అనుకోవడంతోనే తప్పు మొదలైంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. అదే లెక్కల్లో బిచ్చగాళ్లు, దిమ్మరులు అని రాసుకున్నవాళ్లు సుమారు 4.13 లక్షలు. సరే, ఆ నాలుగు లక్షల మందిలో ఒక్కరికి కూడా ఇల్లు లేదనే అనుకుందాం, మిగతా పదమూడు లక్షల పైచిలుకు మంది ఎవరు మరి? మొన్న మీరు వెళ్లిన పెళ్లిలో ఫంక్షన్ హాల్ వెనకాల అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమినవాళ్లు, మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డ బస్తాలు దించే హమాలీలు, పొద్దున్నే చిత్తుకాగితాలు, సీసాలు ఏరేవాళ్లు, అడ్డా మీద నిలబడి పెయింటింగ్‌కో సెంట్రింగ్‌కో ఎవరైనా పిలుస్తారేమోనని చూసేవాళ్లు. పని ఉంది, గదికి అడ్వాన్స్ కట్టే డబ్బు లేదు, అంతే.

మాఫియా అనుకుని అందరినీ ఎత్తేస్తే ఏమవుతుందో మన ఊళ్లోనే చూశాం. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చిన ఆ సమ్మిట్ ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీద ఉన్నవాళ్లని వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకి తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది కూడా. అప్పుడే ఒక వార్త తెగ తిరిగింది, పట్టుబడ్డవాళ్లలో విదేశంలో ఉద్యోగం చేసినామె ఒకరు, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నామె ఒకరు ఉన్నారని. ‘చూశారా, అంతా నాటకం’ అని నవ్వుకున్నారు జనం. వార్త కింది దాకా చదివినవాళ్లు తక్కువ. ఒకామె భర్త పోయాక మనసు చెదిరి రోడ్డున పడింది, ఇంకొకామె ఆస్తి విషయంలో అయినవాళ్ల చేతిలోనే మోసపోయింది. ఇందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు. 2021లో సుప్రీంకోర్టు ముందుకి కూడా వీధుల్లో అడుక్కోకుండా ఆపాలని ఒక పిటిషన్ వెళ్తే, ఇది పేదరికం సమస్య, పెద్దింటి చూపుతో చూడలేమని చెప్పి అలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

పిల్లల్ని పెట్టి అడుక్కునే ముఠాలు లేవా? ఉన్నాయి. సిగ్నల్ దగ్గర నేనూ చిల్లర ఇవ్వను. పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తాను. కానీ దానికీ గాంధీ ఆసుపత్రి గోడ పక్కన పడుకున్న హమాలీకి దుప్పటి ఇవ్వకపోవడానికీ ఏం సంబంధం?

ఇక షెల్టర్లు. మెసేజ్‌లో అన్నింటికంటే తెలివైన మాట ఇదే, ఎందుకంటే వెళ్లి చూస్తే కొన్ని రాత్రులు నిజంగానే మంచాలు ఖాళీగా కనిపిస్తాయి. ముందు లెక్క చూడండి. 2009 డిసెంబర్‌లో, గడ్డకట్టే చలిలో ఢిల్లీ పూసా రోడ్‌లో ఒక తాత్కాలిక షెల్టర్‌ని కూల్చేశారు. ఆ గొడవ సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2010లో కోర్టు పెద్ద నగరాలన్నిటికీ ఒక కొలత పెట్టింది: లక్ష జనాభాకి 100 మంది పట్టే షెల్టర్ ఒకటి, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ కూడా అదే కొలత తీసుకుంది, పైగా మనిషికి 50 చదరపు అడుగుల జాగా, నీళ్లు, మరుగుదొడ్డి, సామాను పెట్టుకునే లాకర్ ఉండాలంది. హైదరాబాద్ జనాభా 2011లోనే 67 లక్షలు. అంటే కనీసం 67 షెల్టర్లు. ఇవాళ ఉన్నవి ఆ అంకెకి దరిదాపుల్లో లేవు. అలాంటప్పుడు ‘ఖాళీగా ఉన్నాయి’ అనే మాటని ఎలా తీసుకోవాలి? ఒక మూలన నాలుగు మంచాలు ఖాళీగా ఉన్నాయని చూపించి ఊరంతటికీ చోటుందని చెప్పడమే.

మరి ఆ నాలుగు మంచాలైనా ఎందుకు ఖాళీ? ఇదే మాట మోండా మార్కెట్‌లో ఒక హమాలీ అన్నని అడిగాను. “అన్నా, నాకు మూడింటికి లారీ వస్తది. ఆడికి పోయి పంటే లేపేటోడెవడు? పోయి రానీకె ఆటోకి నూటయాభై. పైసలు ఎక్కువున్నయా నాకాడ?” అన్నాడు. ఇంతకంటే బాగా ఏ అధికారీ చెప్పలేడు. పని దొరికే చోటుకి నడిచిపోయేంత దూరంలో లేని షెల్టర్ కూలివాడికి పనికిరాదు. ఇంకా ఉన్నాయి. మగవాళ్ల షెల్టర్‌లో పెళ్లాం పిల్లలతో ఉన్నవాడికి చోటు లేదు, అతను మాత్రం లోపల పడుకుని వాళ్లని ఫుట్‌పాత్ మీద వదిలేయాలా? సామాను బండి, రిక్షా బయట పెడితే తెల్లారేసరికి మాయం. ఒకసారి మేమే ఒక పెద్దాయన్ని రాత్రి పదకొండున్నరకి ఒక షెల్టర్‌కి తీసుకెళ్లాం, ఆధార్ అడిగారు. ఆయన ఆధార్ ఉన్న సంచీ రైల్వే స్టేషన్‌లో పోయి ఆరు నెలలైంది. తిరిగి అదే బస్టాప్‌లో దింపి వచ్చాం. దారిలో ఆయన మాకే సర్దిచెప్పాడు, “పోనియ్ బిడ్డా, అలవాటే” అని.

సంస్థల అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది. నగరంలో కొన్ని షెల్టర్లని అమన్ వేదిక లాంటి సంస్థలు నడుపుతున్నాయి. భవనం ఇచ్చేది ప్రభుత్వమే కావచ్చు గానీ, రాత్రి పూట ఫుట్‌పాత్ మీద ఉన్న మనిషితో నాలుగైదు సార్లు మాట్లాడి, నమ్మకం కలిగించి, లోపలికి తీసుకొచ్చి, గుర్తింపు కాగితం, పింఛను, ఆసుపత్రి చీటీ దాకా వెంట తిరగాల్సింది మనుషులు. గుర్తింపు పొందిన షెల్టర్ ఇచ్చే ధృవపత్రంతో ఆధార్‌కి దరఖాస్తు చేసుకోవచ్చని చాలామందికి తెలియదు, షెల్టర్‌లో పడుకునేవాళ్లకే తెలియదు. ఆ వెంట తిరిగే మనిషి జీతం మీ విరాళంలోంచే వస్తుంది. ఫొటోలో కనపడదు కాబట్టి దానికి ఎవరూ డబ్బివ్వరు, దుప్పటికైతే పోటీపడి ఇస్తారు.

దుప్పటి అమ్ముకుంటారు అంటారా? అమ్ముకుంటారు. మొదటి ఏడాది మేము నలభై దుప్పట్లు పంచాం, ఒక్కోటి మూడు వందలు పెట్టి. తర్వాతి వారం వెళ్తే వాటిలో ఎనిమిదో తొమ్మిదో కనిపించాయి, అంతే. నాకు ఒళ్లు మండింది. మా గుంపులో పెద్దావిడ ఒకరున్నారు, రిటైర్డ్ నర్సు. ఆవిడ అడిగారు, ‘నీకు బీరువా లేకపోతే ఆ దుప్పటి పొద్దున ఎక్కడ పెడతావురా?’ అని. నిజమే. పొద్దున ఆరింటికి షాపు మెట్లు ఖాళీ చేయాలి, భుజాన బస్తా మోసే పనికి దుప్పటి వేసుకుని పోలేడు, చెట్టు కొమ్మల్లో దాస్తే చెత్తబండిలో పోతుంది. పోయేదాన్ని ఎవరికో యాభైకి ఇచ్చేస్తే ఆ పూటకి టిఫిన్ వస్తుంది. ఇంకో సంగతి కూడా తెలిసింది. డిసెంబర్‌లో సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఒక్క రాత్రే ముగ్గురు వేర్వేరు దాతలు వచ్చి ఒకే మనిషికి మూడు దుప్పట్లు ఇచ్చి ఫొటో దిగి వెళ్తారు. అదే రాత్రి అఫ్జల్‌గంజ్ వెనక సందుల్లోకి ఎవరూ రారు. మూడు దుప్పట్లున్నవాడు రెండు అమ్ముకుంటే దొంగా? మనమే లెక్క లేకుండా పంచాం. ఇప్పుడు మేము మడిస్తే చంకలో పట్టే పల్చటి శాలువా, మేజోళ్లు, దోమల అగరబత్తులు ఇస్తున్నాం, అదీ ముందు రోజు వెళ్లి ఎవరికి లేదో రాసుకుని.

తాగుడు? కొందరు తాగుతారు. మా అపార్ట్‌మెంట్‌లోనూ తాగుతారు, టెర్రస్ మీద.

సోమరితనం మాట దగ్గర నాకు కాస్త కోపం వస్తుంది, క్షమించాలి. జీహెచ్ఎంసీ 2014లో నాంపల్లి సరాయి దగ్గర అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది, ఇప్పుడు ఊరంతా ఉంది. ఇందిరమ్మ క్యాంటీన్ అని పేరు మారింది, 2025లో అయిదు రూపాయలకే టిఫిన్ కూడా వచ్చింది. ఒకసారి మధ్యాహ్నం ఆ లైన్‌లో నిలబడి చూడండి: ఆటో డ్రైవర్లు, ఆసుపత్రిలో రోగిని చూసుకోవడానికి ఊరినుంచి వచ్చినవాళ్లు, కాంపిటీటివ్ పరీక్షలకి చదివే పిల్లలు, స్విగ్గీ బ్యాగ్ తగిలించుకున్నవాళ్లు. అయిదు రూపాయలకి అన్నం దొరుకుతోందని వీళ్లలో ఎవరు పని మానేశారు? డబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి రోజూ అన్నం పెడుతున్నారు, ఆకలికి మతం లేదు అంటూ. పదేళ్ల పైచిలుకు అన్నం తిన్న ఆ చుట్టుపక్కల జనం పనికి పోవడం మానేశారా?

అయితే ఒకటి. అన్నదానం చేసేవాళ్లు కూడా కాస్త ఆలోచించాలి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అయిదు రూపాయల క్యాంటీన్‌కి యాభై గజాల దూరంలో బిర్యానీ పొట్లాలు పంచి, సాయంత్రానికి సగం పొట్లాలు చెత్తలో కనిపిస్తే ‘వీళ్లకి ఆకలే లేదు’ అంటారు. ఆ క్యాంటీన్లలో రాత్రి భోజనం లేదు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి రండి, పొట్లం ఒక్కటీ మిగలదు.

పని చేయగలిగి కూడా చేయనివాళ్ల గురించే మెసేజ్ రాసినాయన బాధపడుతున్నాడు గానీ, చేయలేనివాళ్ల గురించి ఒక్క మాట లేదు. కొడుకు బస్టాండ్‌లో కూర్చోబెట్టి ‘ఇప్పుడే వస్తా’ అని వెళ్లిపోయిన తల్లులున్నారు. కాలికి పుండు పడి నడవలేనివాళ్లున్నారు. తమలో తాము మాట్లాడుకుంటూ ఎండలో మూడు స్వెటర్లు వేసుకుని తిరిగేవాళ్లున్నారు. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం అలాంటి మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సింది పోలీసులు. ఇల్లు లేనివాళ్లకి ఆ వైద్యం ఉచితంగా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. మనకి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ముసలివాళ్లయితే 14567కి ఫోన్ చేయొచ్చు, పెద్దల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్. కానీ ఫోన్ చేసి వెళ్లిపోతే సరిపోదు, బండి వచ్చేదాకా పక్కన కూర్చోవాలి, ఆ మనిషి భయపడి లేచి వెళ్లిపోకుండా. ఆ రెండు గంటలు కూర్చునేది దాదాపు ప్రతిసారీ ఏదో ఒక చిన్న సంస్థ మనిషే.

సంస్థలన్నీ దొంగలే అన్న మాటకి ఎక్కువ చెప్పను. కొన్ని దొంగవే, నేనూ చూశాను. ఒక పసివాడి ఫొటోనే మూడేళ్లు వాడి డబ్బు అడిగినవాళ్లున్నారు. అందుకే ఇచ్చే ముందు అడగండి: ఎక్కడ పనిచేస్తారు, ఏ వారాల్లో, నేను వచ్చి చూడొచ్చా? రావద్దన్నవాళ్లకి ఇవ్వకండి. రసీదు తీసుకోండి, నగదు కాకుండా బ్యాంకు ద్వారా పంపండి (రెండు వేలు దాటిన నగదుకి ఆదాయపు పన్ను మినహాయింపు ఎలాగూ రాదు). మీ ఇంటికి దగ్గర్లో పనిచేసే సంస్థ అయితే ఇంకా మంచిది, శనివారం రాత్రి చెప్పులేసుకుని వెళ్లి చూసి రావచ్చు. దొంగ డాక్టర్లు ఉన్నారని జ్వరమొస్తే ఇంట్లోనే పడుకోం కదా.

చివరిది, వాళ్లు మన ఊరివాళ్లు కాదు. అసలు ఈ ఊరివాళ్లు ఎవరండీ? మా నాన్న 1983లో మిర్యాలగూడ నుంచి ట్రంకు పెట్టెతో వచ్చి నాంపల్లి స్టేషన్‌లో రెండు రాత్రులు పడుకున్నాడు, తర్వాత తెలిసినవాళ్ల గదిలో చోటు దొరికింది కాబట్టి మేము ఈ ఊరివాళ్లమయ్యాం. చట్టం సంగతంటారా, ఎన్నికల సంఘానికి దీని మీద ఒక నియమం ఉంది. ఇల్లు లేని మనిషి ఓటుకి దరఖాస్తు పెడితే బీఎల్ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, రాత్రి పూట వచ్చి చూడాలి, ఒక రాత్రి కాదు, ఒకటికి మించి. ఆయన చెప్పిన చోటే పడుకుంటున్నాడని తేలితే చిరునామాకి వేరే కాగితం అక్కర్లేదు.

మా హమాలీ అన్నకి గత నెల ఓటు దరఖాస్తు, ఫారం 6, నింపాం. చిరునామా అన్న చోట ఏం రాయాలో కాసేపు తోచలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, ఈ ఊళ్లో పెద్ద పెద్ద షోరూంలు కూడా ఫలానా పిల్లర్ నంబర్ ఎదురుగా అనే కదా అడ్రస్ చెప్పుకునేది అని. తాను పడుకునే మెట్రో పిల్లర్ నంబర్ చూసొచ్చి చెప్పాడు, అదే రాశాం. బీఎల్ఓ ఏ రాత్రి వస్తాడో తెలియదు కాబట్టి, అప్పటినుంచి లారీ దించాక వేరే చోట పడుకోకుండా నేరుగా ఆ పిల్లర్ దగ్గరికే వస్తున్నాడు.