కడుపునొప్పి ఏ భాషలో చెప్పుకోవాలి?

ఎండోమెట్రియోసిస్‌కు కొత్త మాత్రలు వస్తున్నాయన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరిగి నెలనెలా నరకం చూపించే జబ్బు ఇది. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి పదిమందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పరిచయం ఇక్కడితో చాలు. ఈ మాత్రలు ఎందుకంత ముఖ్యమో హైదరాబాద్‌లో కంటే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా అంచున తెలుగు మాట్లాడే మా సిరోంచలో బాగా అర్థమవుతుందని నా వాదన.

పాత ఇంజెక్షన్లు మెదడు నుంచి అండాశయాలకు అందే హార్మోన్ సంకేతాన్ని మొదట రెచ్చగొట్టి, ఆ తర్వాత అణిచేవి. ఒకసారి గుచ్చాక నెలో, మూడు నెలలో ఒంట్లోనే ఉంటుంది. పడకపోయినా చేసేదేమీ లేదు. కొత్త మాత్రలు ఆ సంకేతానికి మొదటి రోజు నుంచే అడ్డం పడతాయి. 2018లో అమెరికా అనుమతించిన ఎలాగోలిక్స్ వీటిలో మొదటిది. 2022లో రెలుగోలిక్స్‌కు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు కొద్దికొద్దిగా కలిపిన మాత్రకు ఈ జబ్బు కోసం అక్కడే అనుమతి వచ్చింది. ఈస్ట్రోజన్ మరీ పడిపోయి ఎముకలు గుల్లబారకుండా ఆ జాగ్రత్త. దాని మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో 24 వారాలకు నెలసరి నొప్పి బాగా తగ్గినవాళ్లు నూటికి 75 మంది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 27 నుంచి 30 మంది. ఈ మాత్ర మానేస్తే నెలా రెండు నెలల్లో నెలసరి తిరిగొస్తుంది.

మానేయొచ్చు అన్న ఆ ఒక్క సుగుణం కోసమే నేను ఈ మాత్రల వైపు నిలబడతాను. మా వైపు ఇప్పటిదాకా ఉన్న వైద్యం మానేయడానికి వీల్లేనిది. అంటే గర్భసంచి తీసేయడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. సిరోంచ ఆడవాళ్లు పెద్దాసుపత్రి కావాలంటే గోదావరి దాటి వెళ్లేది ఆ తెలంగాణకే. ఇటు మహారాష్ట్రను చూద్దామంటే బీడ్ జిల్లా చెరకు కోత కూలీలకు పెద్ద సంఖ్యలో సంచులు తీసేసిన కథ 2019లో దేశమంతా విన్నదే. పైగా ఈ జబ్బు మచ్చలు సంచి బయట ఉంటాయి. సంచి పోయినా అవి మిగిలితే నొప్పీ మిగులుతుంది.

ఖరీదు సంగతేమిటి, ఎముకల పరీక్ష ఎక్కడ చేస్తారు, పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇవి పనికిరావు కదా అంటారు డాక్టర్ మిత్రులు. మూడూ నిజమే. అందుకే మొదటి మెట్టు డైనోజెస్ట్ కావాలి. రోజూ 2 మిల్లీగ్రాముల మాత్ర, మన దేశంలోనే తయారవుతోంది. అది పని చేయనివాళ్లకు కొత్తవి. కత్తి ఎప్పుడూ ఆఖరి మాటే.

అసలు చిక్కు మందు దగ్గర లేదు, అడగడం దగ్గర ఉంది. ఇదివరకు పొట్టలోకి గొట్టం పంపి చూస్తేగానీ ఈ జబ్బును నిర్ధారించేవారు కాదు. 2022లో యూరప్ వైద్యుల మార్గదర్శకాలు ఆ పట్టు సడలించాయి. లక్షణాలు విని, స్కానింగ్ చూసి, మందు మొదలుపెట్టొచ్చన్నాయి. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా జబ్బు లేదని కాదు. అంటే ఇప్పుడు ఆ మనిషి చెప్పే మాటే పరీక్ష.

మరి ఆ మాట ఏ భాషలో? మా ఆడవాళ్లు "ముట్టప్పుడు నడుములు గుంజుతయి, పొత్తికడుపుల పొడుస్తది" అంటారు. డాక్టర్‌కు వచ్చింది మరాఠీ. మధ్యలో భర్త నిలబడతాడు, లేదా బడికెళ్లే కొడుకు. వాడు మొత్తం విని "పోట్ దుఖతే" (కడుపు నొస్తోంది) అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. భర్తతో కలిసినప్పుడు నొప్పి, దొడ్డికి కూర్చున్నప్పుడు నొప్పి ఈ జబ్బును పట్టించే గుర్తులు. కన్నకొడుకు చేత ఏ తల్లి ఆ మాటలు చెప్పిస్తుంది?

అడిగితే ఏమవుతుందో చూపించింది మా జిల్లాయే. డాక్టర్ రాణీ బంగ్, ఆమె భర్త అభయ్ బంగ్ గడ్చిరోలిలో రెండు ఊళ్ల ఆడవాళ్లు 650 మందిని పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష జరిగినవాళ్లు 8 శాతమే. అందులో సగం ఇన్ఫెక్షన్లు, ఎండోమెట్రియోసిస్ లెక్క కాదు. కానీ అడిగేవాళ్లు లేక ఎంత దాగి ఉంటుందో తేలింది.

బ్రిటిష్ కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రం. ఇప్పుడు జిల్లా కేంద్రానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో అంచున మిగిలింది. సరిహద్దు జిల్లాల్లో మనిషి భాష ఓట్ల ప్రచారానికి పనికొస్తుంది, ఆసుపత్రి కిటికీ దగ్గర పనికిరాదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఫిర్యాదును దేశంలోనో రాష్ట్రంలోనో వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చు. కాగితం మీద గోడు తెలుగులో చెల్లుతుందట, నోటితో చెప్పే నొప్పి చెల్లదు. మాడియా, గోండీ మాట్లాడే అక్కలది మాకంటే అధ్వానం. వాళ్ల భాషకు పక్క రాష్ట్రమంటూ కూడా లేదు.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త తెలుగు మనిషే. ఆమె చేతికి తెలుగులో ఐదారు ప్రశ్నల కాగితం ఇచ్చి, పక్కన మగవాళ్లు లేకుండా అడగమని, ఆ పనికీ డబ్బు కట్టివ్వాలి. వచ్చిన జవాబులు మరాఠీలో డాక్టర్ బల్ల మీదికి చేరాలి.

మా చిన్నమ్మకు 34 ఏళ్లకే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో సంచి తీశారు. ఆమె వెంట వెళ్లి మాట అందించింది నేనే, అప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న పాత కాగితాలు సర్దుతుంటే ఆనాటి చీటీ దొరికింది. జబ్బు అన్నచోట మరాఠీలో కడుపునొప్పి అని ఒక్క మాటే ఉంది, నేను చెప్పిందే.