ఉండనీ సార్, అదేమన్న అన్నం అడుగుతదా?

పాత మారుతీ 800కి కరెంటు పెట్రోల్ పంపు పెట్టించుకున్న ప్రతి హైదరాబాదీకీ ఒక ధర్మసందేహం తప్పదు. ఇంజిన్‌ని అంటిపెట్టుకుని ఉన్న పాత మెకానికల్ పంపును పీకేయాలా, ఉండనివ్వాలా? చూడ్డానికి చిన్న విషయమే. రెండు బోల్టులు, ఒక గాస్కెట్, మూడు రబ్బరు పైపులు. కానీ మా అక్కయ్య వాళ్లింట్లో దీని మీద జరిగినంత చర్చ పిల్ల పెళ్లి సంబంధం మీద కూడా జరగలేదు. కనుక సమాజ హితం కోరి ఈ సమస్యను శాస్త్రోక్తంగా విచారించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అసలు కొత్త పంపు అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) ఉన్న బండిలో పాత పంపు ఇంజిన్ ఒంటికే బిగించి ఉంటుంది. ఇంజిన్‌లోని క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరిగినప్పుడల్లా దాని మీట కదులుతుంది, ఆ మీట లోపలున్న డయాఫ్రమ్ పొరను ఆడిస్తుంది, వెనక ట్యాంకులోని పెట్రోల్ ముందుకొస్తుంది. జనవరిలో అంతా సవ్యంగానే ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం పంజాగుట్టలో ట్రాఫిక్ జామ్ అయిందంటే, ఇంజిన్ వేడికి పెట్రోల్ పంపులోనే ఆవిరైపోతుంది. ఆవిరిని తోయడం ఆ పంపు వల్ల కాదు. బండి ఆగిపోతుంది. అప్పుడు మా బావగారు బానెట్ ఎత్తి, సీటు కింద దాచుకున్న పాత బనీను తడిపి, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు పంపు మీద వేస్తారు. వెనక హారన్లు మోగుతుంటాయి. కాసేపటికి బండి కోలుకుంటుంది. ఈ వైద్యం చాలా వేసవులు నడిచింది. చివరికి ఒకనాడు అక్కయ్య, "ఇంకోసారి ఆ బనీను తడపడానికి నా మంచినీళ్ల సీసా అడిగారంటే నేను ఆటోలో పోతాను" అనేసరికి కరెంటు పంపు మంజూరైంది.

కరెంటు పంపుకి లాగడం అంతగా చేతకాదు, తోయడం బాగా వచ్చు. అందుకని దాన్ని వెనక ట్యాంకు దగ్గర, వేడికి దూరంగా బిగిస్తారు. బిగించారు. బండి స్టార్టయింది. మరి ముందున్న ముసలి పంపు గతేమిటి?

ఈ విషయంలో నగరంలో మూడు మతాలున్నాయి. అద్వైతులు పంపు ఒక్కటే సత్యమంటారు. పాతది తీసేసి, ఆ రంధ్రానికి గాస్కెట్ పెట్టి, రేకు పలక బిగించమంటారు. వీళ్లు చాలా తక్కువమంది, పైగా చర్చలకు ఆట్టే పనికిరారు. ద్వైతుల లెక్కలో పంపులు రెండు, దేని దారి దానిది. పాతదాన్ని అక్కడే ఉంచి పైపులు మాత్రం పీకేస్తారు. దానికి పని పోతుంది కానీ డ్యూటీ పోదు. క్యామ్ కొడుతూనే ఉంటుంది, మీట ఆడుతూనే ఉంటుంది. పెట్రోల్ తడి తగలక ఎండిన పొర ఒకరోజు చిరుగుతుంది. ఆ చిరుగులోంచి ఇంజిన్ ఆయిల్ కారడం మొదలవుతుంది. పార్కింగ్‌లో నల్లటి మరక పడుతుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పడుతుంది.

ఇక విశిష్టాద్వైతులు. మా బావగారిది ఈ మతం. కొత్త పంపు తోసిన పెట్రోల్ పాత పంపు కడుపులోంచే కార్బ్యురేటర్‌కి పోవాలంటారు. "రేపు కొత్తది మొరాయిస్తే పాతది ఆదుకుంటుంది కదోయ్" అని ఆయన వాదన. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. ఏ పంపు వేడికి తట్టుకోలేక ఖర్చు పెట్టామో, పెట్రోల్‌ని తిరిగి తిరిగి ఆ పంపులోకే పంపిస్తున్నామన్న సంగతి ఎవరికీ తట్టదు. దానికి తోడు ఇన్నేళ్లూ పెట్రోల్‌ని ముక్కుతూ మూలుగుతూ లాగిన పొర మీద ఇప్పుడు వెనకనుంచి ఒత్తిడి పడుతోంది. పొర చిరిగిందంటే పెట్రోల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. దిగింది కూడా.

ఒక ఆదివారం పొద్దున బావగారు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, ఎండకు ఎత్తి చూశారు. ఆయిల్ పై గీత దాటి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఇంజినంటే ఇదీ. ఆయిల్ తాగడం మానేయడమే కాదు, ఎదురు పెరుగుతోంది" అన్నారు. ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు ఆ చువ్వ వాసన చూసి, "నాన్నా, పెట్రోల్ వాసనొస్తోంది" అన్నాడు. "పెట్రోల్ బండి పెట్రోల్ వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?" అని ఆయన విసుక్కున్నారు.

పెట్రోల్ కలిసిన ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది. బేరింగుల మీద నిలవాల్సిన పొర నిలవదు. ఇంజిన్ లోపల పోగైన పెట్రోల్ ఆవిరి ఎప్పుడైనా అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ మేనల్లుడు ఓపిగ్గా చెప్పాడు. కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకున్న జ్ఞానం కాబట్టి ఇంట్లో దానికి విలువ లేకపోయింది. తీర్పు కోసం మెకానిక్ ఉస్తాద్‌ని పిలిపించారు.

ఉస్తాద్ బానెట్‌లోకి తొంగి చూసి, చేతులు తుడుచుకుంటూ, "ఉండనీ సార్, అదేమన్న అన్నం అడుగుతదా?" అన్నాడు. ఇంతకంటే గొప్ప వేదాంతం నేను ఎక్కడా వినలేదు. కాస్త తరచి అడిగితే అసలు సంగతి బయటపడింది. "తీస్తే ప్లేటు కావాలె, గాస్కెట్ కావాలె, స్పేర్ పార్టులకు నేను రాణిగంజ్ పోవాలె." మన దేశంలో ఏ పాత వ్యవస్థ ఎందుకు నిలబడి ఉందని అడిగినా, ఎవరో ఒకరు రాణిగంజ్ పోవాల్సి వస్తుంది కాబట్టే అని తేలుతుంది.

బావగారి నాన్నగారు కుర్చీలోంచి కదలకుండానే కొత్త పాయింటు తీశారు. "అది కంపెనీతో వచ్చిందిరా. కంపెనీవాడికి తెలీదా?" మన ఇళ్లలో 'కంపెనీది' అన్నాక అప్పీలు లేదు. అయితే ఆ కంపెనీవాడే 2000 ప్రాంతంలో మారుతీ 800కి కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి, అదే ఎంపీఎఫ్‌ఐ పెట్టినప్పుడు కార్బ్యురేటర్‌నీ, మెకానికల్ పంపునీ రెండింటినీ నిర్దాక్షిణ్యంగా తీసేసి, కరెంటు పంపును ట్యాంకులోనే ముంచేశాడు. 'ఎందుకైనా మంచిది' అని ఓ కార్బ్యురేటర్ పక్కన వేలాడదీయలేదు. ఈ మాట నేను అనబోయాను. పెద్దాయన వయసును గౌరవించి ఊరుకున్నాను.

బావగారి తురుపు ముక్క వేరే ఉంది. "నంబర్ ప్లేటు చూడు" అన్నారు. ఏపీ 09. 2014లో రాష్ట్రం మారింది, టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో అదీ పోయి టీజీ వచ్చింది. బండి మాత్రం పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి ఖైరతాబాద్‌లో రెన్యువల్ చేయించుకుంటూ ఏపీ 09గానే తిరుగుతోంది. "రాష్ట్రాలే మారినా పాత ప్లేటు పీకమని ప్రభుత్వం అడగలేదు. నువ్వెవరోయ్ పంపు పీకమనడానికి?" నిజం చెప్పొద్దూ, దీనికి నా దగ్గర జవాబు లేదు.

అన్యాయం చేయకూడదు, పాత పంపులో ఒక సుగుణం ఉండేది. ఇంజిన్ ఆగితే అదీ ఆగేది. బండి ఎవడికైనా గుద్దుకుని ఇంజిన్ ఆగినా, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేసినా, పెట్రోల్ రావడం ఆగిపోయేది. కరెంటు పంపుకి ఆ ఇంగితం లేదు. తాళం ఆన్‌లో ఉంటే, ఇంజిన్ చచ్చిపోయినా, పైపు తెగినా, అది తోస్తూనే ఉంటుంది. కంపెనీ ఇంజెక్షన్ బండ్లలో ఇంజిన్ తిరగడం లేదని కంప్యూటర్ పసిగట్టి పంపును ఆపేస్తుంది. మన కార్బ్యురేటర్ బండికైతే ఆయిల్ ప్రెషర్ లేకపోతే కరెంటు తెంచే స్విచ్చో, గుద్దుకోగానే కట్టయ్యే స్విచ్చో విడిగా పెట్టించుకోవాలి. ఆ స్విచ్చు సంగతి అడిగితే ఉస్తాద్, "అవన్నీ ఫారిన్ బండ్లకు సార్" అన్నాడు. అంటే పాతదాని బుద్ధిని వదిలేశాం, ఇనుమును మాత్రం భద్రంగా దాచుకున్నాం.

ఇంతలో ఇంకో ఘోరం వెలుగులోకి వచ్చింది. మూడు పైపుల్లో ఒకటి రిటర్న్ పైపు. మిగిలిన పెట్రోల్ దాంట్లోంచి వెనక్కి ట్యాంకులోకి పోతూ, లైను చల్లగా ఉండడానికి సాయపడుతుంది. ఎవరి జోలికి పోకుండా తన పని తాను చేసుకుపోయే ఆ ఒక్క పైపునే ఉస్తాద్ ఓ బోల్టు దూర్చి క్లిప్పు వేసి మూసేశాడు. "ఇది దేనికో సమజ్ కాలె సార్, బంద్ చేసిన." తీయాల్సింది అన్నం అడగదని ఉంచాడు. ఉంచాల్సింది అర్థం కాలేదని మూసేశాడు. ప్రభుత్వంలో ఉండాల్సిన మనిషి షెడ్డులో మగ్గిపోతున్నాడు.

కార్బ్యురేటర్ బండ్ల పంపులు తోసే ఒత్తిడి సుమారు 0.2 నుంచి 0.35 బార్ వరకే. ఇంజెక్షన్ బండి పంపు 3 బార్ దాకా కొడుతుంది. పుత్లీబౌలీలో చవగ్గా దొరికిందని ఇంజెక్షన్ బండి పంపు తెచ్చి వేయించుకునే ఘనులున్నారు. కార్బ్యురేటర్‌లోని పెట్రోల్‌ని ఆపే చిన్న నీడిల్ వాల్వు ఆ ధాటికి ఆగదు, పెట్రోల్ పొంగిపొర్లుతుంది. బావగారు అంత దూరం పోలేదు. పాత రబ్బరు పైపుల్ని మాత్రం మార్చనివ్వలేదు, "బానే ఉన్నాయిగా" అని. పాత పంపు లాగినన్నాళ్లూ ఆ పైపుల సన్నటి పగుళ్లు కాస్త గాలి పీల్చేవి, అంతే. ఇప్పుడు వెనకనుంచి తోస్తున్నారు కాబట్టి గాలి పీల్చిన చోటే పెట్రోల్ కక్కుతున్నాయి. దానికి తోడు 2023లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. ఆ కాలం రబ్బరుకీ ఇథనాల్‌కీ పడదు. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిగురును కూడా అది కరిగించి ఫిల్టర్‌కి చేరవేస్తుంది. ఇంట్లో ఎవరూ చేయని ప్రక్షాళన పెట్రోలే చేసుకుంటోంది, ఫిల్టర్ ఖర్చు మనది.

డిక్కీ తెరిస్తే అక్కడ ఇంకో యుగం కనిపిస్తుంది. ఒకప్పుడు ఎల్పీజీ కిట్ ఉండేది. సిలిండర్ ఎప్పుడో పోయింది కానీ దాన్ని పట్టుకున్న ఇనుప పట్టీలు ఇంకా అక్కడే ఉన్నాయి. సంచీ పెట్టినప్పుడల్లా చిరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్రోల్, గ్యాస్ అని రాసిన స్విచ్చు ఉంది. ఎటు నొక్కినా ఏమీ కాదు. ఇంధనం మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఎక్కించాలి కదా, తీశాక మళ్లీ మార్పించారా అని అడిగాను. అక్కయ్య టీ తెచ్చి చర్చను కాపాడింది.

మొత్తానికి పంపు తీశారు. శాస్త్రం వల్ల కాదు. ఆయిల్ పలచబడి ఇంజిన్ టకటకమనడం మొదలెట్టాక, పెద్ద పనికి ఎంతవుతుందో ఉస్తాద్ ఓ అంకె చెప్పాడు. ఆ అంకె విన్న క్షణాన బావగారు అద్వైతంలో చేరిపోయారు. ఆయిల్ మార్చారు, పలక పడింది, రిటర్న్ పైపుకి విముక్తి దొరికింది. పంపును పేపర్లో చుట్టి సజ్జ మీద పెట్టారు. పాత సామాన్లవాడు తూకానికి అడిగితే, "కంపెనీది, కిలోల్లెక్కన ఇస్తానా?" అని తలుపేసేశారు. దానికి రిపేర్ కిట్ వేయించి సిద్ధంగా పెట్టుకోవాలని ఆలోచన.

మొన్న అందరం కరెంటు కారు చూడ్డానికి షోరూముకి వెళ్లాం. కుర్రాడు బ్యాటరీ, రేంజ్, వారంటీ అన్నీ చెప్పాడు. బావగారు డిక్కీలోకి వంగి, "స్టెప్నీ పక్కన ఓ చిన్న వస్తువు పెట్టుకోడానికి చోటుంటుందా బాబూ?" అని అడిగారు.

"ఈ మోడల్‌కి స్టెప్నీ రాదు సార్, పంక్చర్ కిట్ ఇస్తారు" అన్నాడు కుర్రాడు.

బావగారు నిటారుగా నిలబడి, "స్టెప్నీ కూడా తీసేశారా!" అన్నారు. అక్కయ్యని పదమన్నారు. దారిపొడవునా ఇంకేమీ మాట్లాడలేదు.